బురుల్ కళ్ళజోడు

మనుషుల పేర్లు మరిచిపోతాను గానీ వాళ్ళ పవర్లు మరిచిపోను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బిష్కెక్‌లో కళ్ళజోళ్ళు చేస్తున్నాను. ఓష్ బజారుకి వెళ్ళే దారిలో, మందుల షాపు పక్కన నాలుగు మెట్లు దిగితే వచ్చే ఇరుకు కొట్టు నాది. వీధిలో ఎవరైనా ఎదురుపడి, "తినార్ అక్కా, గుర్తుపట్టారా?" అంటే ఆ మొహం చూసి నీళ్ళు నములుతాను. వాళ్ళ కళ్ళజోడు తీసి నా చేతిలో పెడితే మాత్రం, ఏ కంటికి ఎంతో, ఎప్పుడు చేయించుకున్నారో, ఎంత బేరమాడారో అన్నీ చెబుతాను.

సగిన్‌బెక్ కుడి కన్ను మైనస్ ఏడు, ఎడమ కన్ను ఆరున్నర. దానికి తోడు కుడి కంట్లో సిలిండర్ పవర్ ఒకటుంది. అది నూట అరవై ఎనిమిది డిగ్రీల కోణంలో కూర్చోవాలి. కొంచెం పక్కకి జరిగినా, "తీగలు రెండేసి కనిపిస్తున్నాయక్కా" అంటూ మర్నాడే వచ్చేవాడు. అతనికి తీగలతోనే పని. పైనున్న కరెంటు తీగల్ని పట్టుకుని నడిచే ట్రాలీబస్సుకి డ్రైవరు. మా వీధి మీదుగానే వెళ్ళేది అతని బస్సు. మలుపు దగ్గర బస్సు మీది కడ్డీలు తీగల్లోంచి జారిపోతే, చేతులకి తొడుగులు వేసుకుని దిగి, తాడు పట్టుకు లాగి మళ్ళీ తీగలకి తగిలించేవాడు. లోపలున్న జనం నానా మాటలూ అనేవారు. తిరిగి ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆరడుగుల మనిషి, తలుపంత భుజాలు, గొంతు మాత్రం పక్కింటివాళ్ళకి నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టుండేది.

పదిహేనేళ్ళుగా అతనికి ఒకటే ఫ్రేము, నల్లది, దళసరిది, నలుచదరంగా ఉండేది. ఆ సోడాబుడ్డి అద్దాలకి అంతకంటే ఏం నప్పుతుందని నేనూ వేరేది చూపించలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బస్సులో ఉంటాడు కాబట్టి, జోడు తయారయ్యాక అతని భార్య సోనున్‌కి ఫోన్ చేసేదాన్ని. ఆవిడే వచ్చి తీసుకెళ్ళేది. నా పుస్తకంలో సగిన్‌బెక్ పేరు ఎదురుగా ఉన్నది ఆవిడ నంబరే.

ఒక ఏడాది మార్చిలో, మహిళా దినోత్సవం అయిపోయిన వారానికి వచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీద నిక్షేపంగానే ఉంది. విరగలేదు, గీతలు పడలేదు. ఆడవాళ్ళ ఫ్రేములున్న అర ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏం కావాలంటే, నరీన్‌లో ఉన్న చెల్లెలికి ఒక జోడు కావాలన్నాడు.

"మార్చి ఎనిమిది అయిపోయిందిగా తమ్ముడూ. చెల్లెలు ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నాను.

నా నోరు అంతే, ఊరుకోదు. చెల్లీ లేదు, గిల్లీ లేదు, ఎవత్తెనో తగులుకున్నాడని నాకు ఖాయంగా అనిపించింది. సోనున్ మొహం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఈలోగా అతను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసిచ్చాడు. చెల్లెలి పవర్ అట. సొంత చేతిరాతతో రాసుకొచ్చాడు. కుడి ఏడు, ఎడమ ఆరున్నర, కోణం నూట అరవై ఎనిమిది.

అన్నాచెల్లెళ్ళకి ముక్కు ఒకటే ఉండొచ్చు, మొండితనం ఒకటే ఉండొచ్చు. నూట అరవై ఎనిమిది ఉండదు. పొరపాటున తన చీటీ ఎత్తి రాశాడనుకున్నాను. మనిషి మొహానికి పెట్టి చూడకుండా ఫ్రేము ఇవ్వనని, చెల్లెల్నే తీసుకురమ్మని పంపేశాను. తలూపి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు, ఊరికే చూసి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు నేను వెనక గదిలో అద్దం అరగదీస్తున్నాను. సానరాయి చప్పుడులో నేను చూడటం లేదనుకున్నట్టున్నాడు. తన నల్ల జోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరలోంచి నేరేడు పండు రంగు ఫ్రేము ఒకటి తీశాడు. చివర్లు కాస్త పైకి లేచి ఉంటుంది అది. రెండు చేతులతో మెల్లిగా పెట్టుకున్నాడు. పెట్టుకుని, లేని జుట్టుని చెవి వెనక్కి తోసుకున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. సానరాయి ఆపేశాను. అతను ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి అద్దంలోకి చూస్తున్నాడు. ఊపిరి తగిలి అద్దం మసకబారుతుంటే చొక్కా చేతితో తుడిచి మళ్ళీ చూస్తున్నాడు.

"వాటికి పవర్ లేదు తమ్ముడూ, ఉత్త ప్లాస్టిక్ అద్దాలవి. ఏం కనిపిస్తుందని చూస్తున్నావు?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. తడబడుతూ తీయబోతే, కాడ చెవికి తట్టుకుని ఫ్రేము కింద పడింది. వంగి వెతుకుతున్నాడు గానీ అతనికి నేల కూడా కనిపించడం లేదు. నేనే తీసిచ్చాను.

"ఏమీ కనిపించదక్కా," అన్నాడు. ఫ్రేముని అరలో పెడుతూ, "ఎప్పుడూ కనిపించలేదు," అన్నాడు.

వెళ్ళి తలుపుకి భోజన విరామం బోర్డు తగిలించి గడియ పెట్టాను. ఇంకా పదకొండున్నరే అయింది. టీ పోసిచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, చెప్పాడు.

సగిన్‌బెక్ కంటే ముందు వాళ్ళ అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. మా వాళ్ళల్లో అలాంటి ఇంట్లో మళ్ళీ మగబిడ్డ పుడితే, దిష్టి కళ్ళని ఏమార్చడానికి వాడికి ఆడపిల్ల బట్టలు వేస్తారు, చెవికి రింగు పెడతారు, ఆడపేరుతో పిలుస్తారు. ఇతన్ని బురుల్ అని పిలిచారట. ఐదేళ్ళు నిండాక జుట్టు తీసి, గౌను మానిపించి, ఇక నువ్వు సగిన్‌బెక్‌వి అన్నారు. ఆ రోజు తను ఏడ్చాడో లేదో తనకి గుర్తు లేదుగానీ, గౌను మీద ఎర్ర కుట్టుపని మాత్రం ఇప్పటికీ వేలితో గీసి చూపించగలనన్నాడు.

"అందువల్లే ఇలా అయ్యానంటే నేను ఒప్పుకోనక్కా. నా తర్వాత పుట్టిన తమ్ముడికీ నాలుగేళ్ళు గౌన్లే వేశారు. వాడు కొచ్‌కోర్‌లో గొర్రెలు కాస్తున్నాడు. గౌనంటే ఏమిటో కూడా వాడికి గుర్తు లేదు," అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. అతనూ నవ్వాడు. ఆ తర్వాత చెప్పడం తేలికైంది. సోనున్ ఆదివారాలు దొర్దోయ్ బజారులో ఉన్నిమేజోళ్ళు అమ్మడానికి వెళుతుంది. కూతుళ్ళిద్దరూ అత్తారిళ్ళల్లో ఉన్నారు. సెలవు పడిన ఆదివారం ఆ ఇంట్లో మూడు గంటలు బురుల్ ఉంటుంది. పనిముట్ల పెట్టెలో, పాత తొడుగుల కింద, ఒక నీలం గౌను, ఒక విగ్గు, ఒక లిప్‌స్టిక్ దాచుకున్నాడు. చేసేదల్లా టీ పెట్టుకుని తాగడం, కిటికీకి తెరలు వేసి కూర్చుని పాతబట్టలకి కుట్లు వేయడం. ఎవరినీ కలవడు, ఎక్కడికీ వెళ్ళడు. పెళ్ళాం మీద ప్రేమ లేక కాదు, ఇంకొకళ్ళు కావాలనీ కాదు. అలా ఉంటే ప్రాణం కుదుటపడుతుంది, అంతే అన్నాడు.

"మరి ఈ కళ్ళజోడు గొడవేమిటి?" అని అడిగాను.

"అన్నీ వేసుకున్నాక అద్దం ముందు నిలబడతాను. ఈ నల్లజోడు ఉంటే సగిన్‌బెక్ కనిపిస్తాడు, విగ్గు పెట్టుకున్న డ్రైవరు. తీసేస్తే ఏదో నీలం మరక. ఇరవై ఏళ్ళయిందక్కా, ఆవిడ మొహం నేను ఒక్కసారి కూడా చూడలేదు."

ఫోటో తీసుకుని చూడొచ్చుగా అన్నాను. కూతుళ్ళు వచ్చినప్పుడు మనవలు ఫోను లాక్కుంటారట. కంట్లో పెట్టుకునే లెన్సులు కొన్నాడట, బస్సు దుమ్ముకి మంట పుట్టి మూడో రోజుకే పారేశాడట. డిపోలో తెలిస్తే ఒక్క పూట నిలవనివ్వరు. పళ్ళు రాలగొడతారు. కూతుళ్ళ అత్తారింటివాళ్ళు ఇక గుమ్మం తొక్కరు. ఇవన్నీ నాకు తెలియనివి కావు.

నేనేమీ మహాతల్లిని కాను, ఉన్నమాటే చెబుతున్నాను. ఆ పూట అతన్ని ఊరుకోబెట్టి పంపాను గానీ, రాత్రంతా మనసు పాడై కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా తెలిసిన మనిషి మీద ఒకటే చిరాకు. ఎందుకు చెప్పాడు నాకు, నేనేమన్నా అడిగానా అనుకున్నాను. మర్నాడు వీధిలో అతని బస్సు వెళుతుంటే తల తిప్పుకున్నాను. రెండు మూడు రోజులు పోయాక ఆ చిరాకు దానంతటదే పల్చబడింది. చూపు ఆనని మనిషి నా కొట్టుకి వచ్చాడు. చూడాలని వచ్చాడు. నేను చేసే పని అదే కదా.

మళ్ళీ వచ్చినప్పుడు భోజనాల వేళ తలుపు వేసి, ఇరవై ఫ్రేముల దాకా బల్ల మీద పరిచాను. పెద్ద పవరున్న వాళ్ళు ఫ్రేము ఎంచుకోవడం అంటే గుడ్డివాడు గుడ్డ రంగు ఎంచుకోవడమే. పెట్టుకున్న ఫ్రేములో పవర్ ఉండదు కాబట్టి వాళ్ళు తమని తాము చూసుకోలేరు. అందుకే ఎవరో ఒకరిని వెంటపెట్టుకొస్తారు. భార్యని, చెల్లెల్ని, స్నేహితురాల్ని. బాగుందంటే కొంటారు, లేదంటే మానేస్తారు. సగిన్‌బెక్‌కి వెంటతెచ్చుకునే మనిషి లేదు. ఒక్కొక్కటీ పెట్టుకుని నావైపు తిరిగి, "ఎలా ఉందక్కా?" అని అడిగాడు.

"లెక్కల టీచరమ్మలా ఉన్నావు. తీసెయ్," అన్నాను ఒకదానికి. ఇంకోదానికి, "ఇది పెట్టుకుంటే పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తావే," అన్నాను. పకపకా నవ్వాడు. ఆడవాళ్ళ ఫ్రేములు అతని తలకి ఇరుకు, కాడలు కణతల్ని నొక్కేస్తున్నాయి. కాడలు వేడిచేసి వంచితే సరిపోతుందని చెప్పాను. గుండ్రటివి పెడితే బుగ్గలు ఇంకా ఉబ్బాయి. పెద్దవి పెడితే అద్దం అంచు వేలెడు మందం వస్తుంది. నేరేడు పండు రంగుది పెట్టుకున్నప్పుడు మాత్రం చేతిలో ఉన్న ఇంకో ఫ్రేము కింద పెట్టేశాను. కనుబొమల బరువంతా ఆ ఫ్రేము తన మీదకి తీసుకుంది. దవడ సన్నబడింది. నా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, సిగ్గుపడుతూ.

"ఇది ఎలా ఉంది?" అన్నాడు, ఆశగా.

బాగుందని చెప్పలేదు నేను. భయం వేసింది. ఆ రంగు, ఆ ఆకారం, ఎవరి కంట పడ్డా దాచడానికి వీల్లేదు. సన్నటి బంగారు తీగ ఫ్రేము ఒకటి తీసి చేతిలో పెట్టాను. ఆడవాళ్ళదే, కానీ కొంచెం సర్దుకుంటే మగవాళ్ళూ పెట్టుకుంటారు. ఇదే బాగుంది, ఇదే తీసుకో అన్నాను. తన కళ్ళకి కనిపించదు, నా మాట తప్ప వేరే దారి లేదు. సరే అక్కా అన్నాడు. నేరేడు రంగుదాన్ని మాత్రం వేళ్ళతో ఒకసారి తడిమి అరలో పెట్టాడు.

అద్దాలు నేనే అరగదీసి కూర్చాను. ఇక్కడ నేను చేసిన పాడు పని చెప్పాలి. జోడు తయారైన రోజు ఒక చేత్తో సమోసాలాంటి మా సంసా తింటూ, ఇంకో చేత్తో పుస్తకం తిప్పుతూ వరసగా అందరికీ ఫోన్లు చేశాను. సగిన్‌బెక్ పేరు, ఎదురుగా నంబరు. "సోనున్, మీ ఆయన జోడు తయారైందమ్మా," అన్నాను, పెట్టేశాను. పదిహేనేళ్ళ అలవాటు. ఏం చేశానో నాకు తెలియను కూడా తెలియలేదు.

మర్నాడు సోనున్ మెట్లు దిగుతుంటే అప్పుడు తట్టింది నాకు, ఫోన్ ఎవరికి చేశానో. పొట్టి మనిషి, బిరబిరా నడుస్తుంది, మాటలు అంతకంటే బిరబిరా వస్తాయి. మా ఆయనకి కొత్త జోడు ఎందుకక్కా, ఉన్నది బానే ఉందిగా అంటూనే, బల్ల మీద పేరు రాసి ఉన్న డబ్బా తనే తీసి తెరిచింది. బంగారు తీగని వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"ఇది ఆడవాళ్ళదిగా," అంది.

డబ్బాలు తారుమారయ్యాయమ్మా అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. సోనున్ నా మొహం వంక చూసింది. చూసి, ఆ జోడు తన కళ్ళకి పెట్టుకుంది. వెంటనే ఒళ్ళు తూలి బల్ల అంచు పట్టుకుంది. తీసేసి, కుర్చీలో కూలబడింది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఆయన కళ్ళజోడు తుడుస్తోంది, అప్పుడప్పుడూ సరదాకి పెట్టుకుని తల తిరిగి నవ్వుకుంటోంది. ఆ తూలడం ఆవిడకి బాగా తెలిసిన తూలడం.

"ఇవి ఆయన కళ్ళే," అంది. "ఆడమనిషి ఫ్రేములో ఆయన కళ్ళు ఏమిటక్కా?"

అది చెప్పే హక్కు నాకు లేదు. చాలాసేపు డబ్బా మూత మూస్తూ తెరుస్తూ కూర్చుంది. రెండేళ్ళుగా అనుమానం అట. టీ కప్పు అంచున ఎర్రరంగు, దిండు మీద ఒక పొడుగు వెంట్రుక. ఎవరినో ఇంటికి తెచ్చుకుంటున్నాడని ఎన్ని రాత్రులు కుళ్ళి కుళ్ళి ఏడ్చానో అంది. పనిముట్ల పెట్టెలో ఒకసారి నీలం గౌను దొరికిందట. దాని కొలత చూసి, ఇంత భారీ మనిషా ఆవిడ అనుకుందట. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గౌను ఎవరి కొలతో అప్పుడే తట్టినట్టుంది.

"ఇంకో ఆడదైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేదాన్ని. ఈవిణ్ణి నేనేం చెయ్యనక్కా?" అంది.

కళ్ళు తుడుచుకుని, డబ్బా అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం డిపో దగ్గర కాపు కాసి సగిన్‌బెక్‌కి జరిగింది చెప్పాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే నాకూ కొంచెం తేలికయ్యేది. మీ తప్పేం లేదక్కా అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. ఇంటివైపు కాకుండా ఎదురు దిక్కుకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు వారాలు అతని బస్సు మా వీధిన వెళుతూనే ఉంది. ఒక్కసారి కూడా కొట్టువైపు చూడలేదు. మలుపు దగ్గర కడ్డీలు జారినప్పుడు దిగేవాడు, తగిలించేవాడు, ఎక్కేవాడు. నాకు తిండి సయించలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసిన పని మీద మొదటిసారి అసహ్యం వేసింది. ఇరవై ఏళ్ళు కాపాడుకున్న మూడు గంటలు ఒక్క ఫోనుతో పోగొట్టాను.

ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం, భోజన విరామం బోర్డు తగిలిస్తుంటే ఇద్దరూ మెట్లు దిగారు. ముందు సోనున్, చేతిలో సంచి. వెనక సగిన్‌బెక్, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా తలొంచుకుని. సోనున్ తనే గడియ పెట్టింది. కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే ఆ మూడు వారాలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో తెలుస్తోంది. ఏమనుకున్నారో, ఎంత కొట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

"మూడు మాటలు అనుకున్నామక్కా, మీరు సాక్షి," అంది. "గుమ్మం దాటకూడదు. పిల్లలకి తెలియకూడదు. నేను ఇంట్లో లేనప్పుడు దొంగచాటుగా వద్దు. ఉంటే నా ఎదుట ఉండాలి, లేకపోతే లేదు."

మంచిదమ్మా అన్నాను. డబ్బా తెచ్చి ఇచ్చాను. సోనున్ బంగారు తీగ జోడుని మొగుడి మొహానికి పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసింది. పెదవి విరిచింది.

"ఇది ఎవరు ఎంచారు?"

నేనే అని ఒప్పుకున్నాను.

"మీకు బుద్ధుందా అక్కా? ఇది పెట్టుకుంటే పింఛనాఫీసులో వరసలో నిలబడ్డ ముసలాడిలా ఉన్నాడు. ఆడదీ కాదు, మగాడూ కాదు. చేసేదేదో సరిగ్గా చెయ్యాలి కదా!"

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరు నన్ను నా కొట్టులో తిట్టారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సోనున్ అర ముందుకి వెళ్ళి ఒక్కొక్క ఫ్రేమూ తీసి, ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ పెట్టి చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలిసిన మొహం, ఆవిడకి ఎవరి సలహా అక్కర్లేదు. ఏడోదో ఎనిమిదోదో నేరేడు రంగుది. పెట్టి, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది," అంది మెల్లిగా.

సగిన్‌బెక్ కళ్ళు చికిలించి ఆవిడని చూడబోయాడు. అతనికి ఏం కనిపిస్తుంది. రంగు ఏమిటని అడిగాడు. నేరేడు పండు రంగు అంటే గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

బంగారు తీగలోంచి అద్దాలు ఊడదీశాను. పెద్ద అద్దాన్ని చిన్నది చేయొచ్చు, కోణం తప్పకుండా చూసుకుంటే చాలు. తప్పు జరగకూడదని అద్దం మీద కోణం గీత రెండుసార్లు గీసుకున్నాను. ముప్పావు గంట పట్టింది. బయట వాళ్ళిద్దరూ నా ప్లాస్కులో టీ తాగుతూ, పెద్ద కూతురి అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. కాడలు వేడిచేసి అతని తలకి వెడల్పు చేసి బయటికి తెచ్చాను.

సోనున్ సంచిలోంచి తన తెల్ల శాలువా తీసి అతని తలకి, మా ఆడవాళ్ళు కట్టుకునే తీరులో, మెడ వెనక ముడి వేసి కట్టింది. డ్రైవరు చొక్కా కాలరు కనపడకుండా కొంగు ముందుకి లాగింది. తర్వాత గోడవైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడింది.

జోడు నేను అందించాను. అతను రెండు చేతులతో పెట్టుకుని, అలవాటు చొప్పున అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. అంత దగ్గర అవసరం లేదని అప్పుడు తెలిసింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. మరో అడుగు వేశాడు. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అద్దంలో ఉన్న ఆవిడ కూడా అలాగే నిలబడి, కళ్ళనిండా నీళ్ళతో ఇటే చూస్తోంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. నేను కూడా ఏడ్చాను, సిగ్గుపడటం లేదు.

సోనున్ ఇంకా గోడవైపే చూస్తోంది.

"పేరేమిటన్నారు?" అని అడిగింది.

"బురుల్," అని అద్దం ముందు నుంచి జవాబు వచ్చింది.

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి ఒక గుడ్డ మూట తీసింది. మడత విప్పని పూల పట్టు గుడ్డ, గౌనుకి సరిపోయేంత. కొత్త కోడలి మొహమైనా, పురిటిబిడ్డ మొహమైనా, మొదటిసారి చూసేవాళ్ళు మాలో ఉత్త చేతులతో చూడరు. ముందు కానుక చేతిలో పెట్టాలి, ఆ తర్వాతే కళ్ళెత్తాలి. సోనున్ కళ్ళు నేల మీదే పెట్టుకుని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, గుడ్డని వెనక నుంచే ఆ పెద్ద చేతుల్లో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇప్పుడు ఇటు తిరగవే," అంది. "చూడనీ నిన్ను."

బురుల్ తిరిగింది.